పిల్లల మానసిక వార్డులో ఆరు వారాలు: ఒడిశా సరిహద్దులో డాక్టర్ల శిక్షణ ఎలా ఉంది?

ఇచ్ఛాపురం దాటి బరంపురం వైపు, పాతపట్నం దాటి పర్లాకిమిడి వైపు, పార్వతీపురం దాటి రాయగడ వైపు పనికి వెళ్ళే తెలుగు డాక్టర్లు తరచూ అడుగుతుంటారు: పిల్లల, కౌమారుల మానసిక వార్డులో శిక్షణకి చేరితే పని వస్తుందా, కాగితం మాత్రమే వస్తుందా? ఈ జిల్లాల పిల్లలు చేరే ఒక బోధనాసుపత్రిలో సైకియాట్రీ పీజీలకు, పిల్లల వైద్యంలో పీజీలకు, జిల్లా ఆసుపత్రుల మెడికల్ ఆఫీసర్లకు ఇచ్చే ఆరు వారాల శిక్షణ గురించి ఈ సమీక్ష. ఆసుపత్రి పేరు రాయడం లేదు. కింద చెప్పే లోపాలు చాలా వార్డుల్లో ఉన్నవే, ఒక్కరి మీద వేయడం న్యాయం కాదు.

తీర్పు ముందే చెబుతున్నాం. చట్టం, శరీర పరీక్ష, మందులు బాగా నేర్పుతారు. కుటుంబంతో మాట్లాడటం సగమే నేర్పుతారు. రాత్రి డ్యూటీలో మాత్రం శిక్షణకి వచ్చిన డాక్టరును దాదాపు ఒంటరిగా వదిలేస్తారు. ఈ ఒక్కటి సరిదిద్దుకుంటే ఇంత దగ్గర్లో ఇంతకంటే మంచి చోటు దొరకదు.

వార్డు చిన్నది. పది మంచాలు, ప్రతి మంచం పక్కన తల్లో అమ్మమ్మో పడుకోవడానికి ఒక బల్ల. పెద్దల వార్డు వేరే అంతస్తులో ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం పిల్లల్ని పెద్దల నుంచి విడిగా ఉంచాలంటుంది. చాలాచోట్ల ఒక తెర కట్టి అదే విడి వార్డు అంటారు, ఇక్కడ నిజంగానే విడిగా ఉంది. బాత్రూం గడియలు బయటి నుంచి కూడా తెరుచుకుంటాయి, కిటికీ తెరలకు తాళ్ళు లేవు. చేరిన రోజే కొత్త డాక్టరు చేత వార్డంతా తిప్పి, ఎక్కడ ఏ ప్రమాదం ఉందో రాయిస్తారు. మంచి పద్ధతి.

మొదటి వారం ఎక్కువగా అడ్మిషనే. విసుగనిపిస్తుంది కానీ ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. చట్టంలోని 87వ సెక్షన్ ప్రకారం మైనరును చేర్చాలంటే నామినేటెడ్ ప్రతినిధి (రోగి తరఫున నిర్ణయాలు తీసుకునే మనిషి) దరఖాస్తు పెట్టాలి. ఇద్దరు సైకియాట్రిస్టులు గానీ, ఒక సైకియాట్రిస్టుతో పాటు ఒక మానసిక ఆరోగ్య నిపుణుడు లేదా ఒక మెడికల్ ప్రాక్టీషనర్ గానీ, చేరిన రోజున లేదా అంతకు ముందు ఏడు రోజుల్లో ఎవరికి వారుగా పరీక్ష చేసి ఉండాలి. చేరిన 72 గంటల్లో మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు తెలియజేయాలి. 30 రోజులు దాటితే వెంటనే మళ్ళీ తెలియజేయాలి, అప్పుడు బోర్డు ఏడు రోజుల్లోగా సమీక్షించాలి. కొత్తవాళ్ళు చేసే తప్పు ఎప్పుడూ ఒకటే: రెండో డాక్టరు సంతకం పెట్టిన గంట నుంచి 72 గంటలు లెక్కేస్తారు. పిల్ల మంచం మీదకి వచ్చిన గంట నుంచి లెక్కేయాలి. శనివారం సాయంత్రం చేరిన పిల్ల సంగతి మంగళవారం సాయంత్రంలోగా పంపకపోతే గడువు దాటిపోతుంది.

ఈ జిల్లాల్లో ఇంకో చిక్కు ఉంది. గంజాం నుంచి మగవాళ్ళు పెద్ద సంఖ్యలో సూరత్ మగ్గాల మీద పనికి వెళతారు. పిల్ల జబ్బు పడితే తీసుకొచ్చేది తల్లి, లేదా నాయనమ్మ. మైనరుకు చట్టబద్ధ సంరక్షకులే నామినేటెడ్ ప్రతినిధి అని 15వ సెక్షన్ చెబుతుంది, బోర్డు వేరేలా ఆదేశిస్తే తప్ప. తండ్రి ఊళ్ళో లేకపోతే తల్లి సంతకం చెల్లుతుందా అని డ్యూటీ డాక్టర్లు తటపటాయిస్తారు, ఫోన్లో తండ్రి ‘సరే’ అన్నాడని రాసుకుని ఊరుకుంటారు. హిందూ కుటుంబాల విషయంలో, తండ్రి అందుబాటులో లేనప్పుడు తల్లి సహజ సంరక్షకురాలిగా వ్యవహరించవచ్చని సుప్రీంకోర్టు 1999లో గీతా హరిహరన్ కేసులో స్పష్టం చేసింది. కాబట్టి తల్లి ఉంటే తల్లి సంతకం తీసుకోండి. నాయనమ్మ మాత్రమే వస్తే ఆమెను తోడు మనిషిగా ఉంచి, తల్లిని రప్పించండి. ఆడపిల్లను తండ్రి చేర్పిస్తే, తోడుగా ఆడమనిషిని ఆయనే ఏర్పాటు చేయాలి, ఆమె చివరిదాకా వార్డులోనే ఉండాలి. ఈ వార్డు సామాజిక కార్యకర్త ఇదంతా కాగితాలు ముందు పెట్టుకుని ఒక పూట కూర్చుని నేర్పుతుంది. ఆరు వారాల్లో దానంత పనికొచ్చే క్లాసులు చాలా తక్కువ.

శరీర పరీక్ష విషయంలో ఈ వార్డును మెచ్చుకోవాలి. మన్యం నుంచి వచ్చిన పిల్లాడు అర్థంలేని మాటలు మాట్లాడుతుంటే సైకోసిస్ అని రాసే ముందు జ్వరం చూడాలి, మెడ వంచి చూడాలి, మలేరియా కిట్టుతో పాటు రక్తపు స్మియర్ చేయించాలి, గ్లూకోజు, సోడియం చూడాలి. మల్కాన్‌గిరి, కోరాపుట్, రాయగడ జిల్లాల్లో ఫాల్సిపారం మలేరియా ఉంది. అది మెదడుకు ఎక్కితే మొదట కనిపించేది ‘పిచ్చి’ లాగే ఉంటుంది. పగలు కాస్త తేరుకుని సాయంత్రానికి మళ్ళీ గందరగోళ పడే పిల్ల, లేని పురుగుల్ని గోడమీద చూసే పిల్ల డెలీరియంలో (శరీర జబ్బు వల్ల వచ్చే మతి గందరగోళం) ఉందేమోనని ముందు అనుమానించాలి. చదువులో నెలల తరబడి వెనకబడుతూ, నడుస్తూ నడుస్తూ తల ఒక్కసారిగా కిందికి వాలుతోందంటే, చిన్నప్పుడు తట్టు పోసిందేమో అడిగి ఈఈజీ తీయించాలి. ఎస్ఎస్‌పీఈ (తట్టు పోసిన ఏళ్ళ తర్వాత మెదడుకు వచ్చే జబ్బు) అలాగే మొదలవుతుంది. చేతిరాత పాడై, నోట్లో చొంగ కారుతూ, కోపం పెరిగిన కుర్రాడికి విల్సన్ జబ్బు (ఒంట్లో రాగి పేరుకుపోవడం) ఉందేమో కంటి డాక్టరు చేత కార్నియా చూపించి, సెరులోప్లాస్మిన్ పరీక్ష చేయించాలి. పద్నాలుగేళ్ళ అమ్మాయి వారం పది రోజుల్లో పూర్తిగా మారిపోయి, ఫిట్స్ వచ్చి, మూతి, నాలుక ఆగకుండా కదులుతుంటే 2007లో మొదటిసారి వర్ణించిన, రోగనిరోధక శక్తి సొంత మెదడు మీదే దాడి చేసే ఎన్ఎండీఏ రిసెప్టర్ ఎన్‌సెఫలైటిస్ గుర్తుకు రావాలి. దానికి రక్తం కంటే వెన్ను నీటి పరీక్ష నమ్మకమైనది.

ఇలాంటి పిల్లల్లో చాలామందికి అప్పటికే గుణియా (ఊరి మంత్రగాడు) మంత్రించి ఉంటాడు, మెడలో తాయెత్తు ఉంటుంది. తాయెత్తు తీసేయమని తల్లితో వాదించొద్దని ఇక్కడ మొదటిరోజే చెబుతారు. స్కాన్‌కి లోహం అడ్డొస్తే తల్లి చేతికే ఇచ్చి, తర్వాత కట్టుకోమంటారు. తల్లి నమ్మకం గెలుచుకుంటే జ్వరం ఎప్పుడు మొదలైందో, పసరు ఏం తాగించారో నిజం బయటికొస్తుంది. ఆ నిజం లేకుండా ఏ పరీక్షా దారి చూపదు.

మందుల బోధన గట్టిగా ఉంది, పైగా చిన్న చిన్న విషయాల దాకా వెళుతుంది. ఆటిజం ఉన్న పిల్లల చిరాకుకు రిస్పెరిడోన్ మొదలుపెట్టే మోతాదు 20 కిలోల లోపు పిల్లలకు రోజుకు 0.25 మిల్లీగ్రాములు, 20 కిలోలు, అంతకు పైన ఉంటే 0.5. మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము ఉండే సిరప్‌లో 0.25 అంటే పావు మిల్లీలీటరు. దీన్ని సీసా మూతతో కొలవడం కుదరదు. తల్లికి సూది లేని ఒక మిల్లీలీటరు సిరంజి ఇచ్చి, గీత మీద మార్కరుతో గుర్తు పెట్టి, మన ఎదుటే రెండుసార్లు తీయించాలి. చుక్క ఒక్క అంకె పక్కకు జరిగితే పావు రెండున్నర అవుతుంది, పది రెట్లు. అందుకే ఇక్కడి కేస్ షీటులో మోతాదును మిల్లీగ్రాముల్లో ఒకసారి, మిల్లీలీటర్లలో ఒకసారి, అక్షరాల్లో ఒకసారి రాయిస్తారు. బరువు వారానికోసారి, ఉదయం టిఫిన్‌కి ముందు, అదే తూకం మీద చూడాలి. రెండు తూకాలు మారిస్తే మందు వల్ల పెరిగిందో తూకం వల్ల పెరిగిందో తేలదు.

సైకోసిస్ మందు హాలోపెరిడాల్ గురించి ఒక్క దృశ్యం చెబితే చాలు. ఇంజెక్షన్ ఇచ్చిన మర్నాడో, ఆ మర్నాడో కుర్రాడి మెడ ఒక పక్కకు మెలితిరుగుతుంది, కళ్ళు పైకి వెళ్ళి అక్కడే ఆగిపోతాయి, నాలుక మందమై మాట ముద్దగా వస్తుంది. తెలివి మాత్రం పూర్తిగా ఉంటుంది, పేరు పెట్టి పిలిస్తే పలకాలని చూస్తాడు. తల్లి ‘గాలి పట్టింది’ అని ఏడుస్తుంది, కొత్త హౌస్ సర్జన్ ఫిట్స్ అనుకుని పరుగెడతాడు. ఇది డిస్టోనియా. బరువును బట్టి ప్రొమెథజిన్ కండరానికి ఇస్తే సాధారణంగా అరగంటలోపే మెడ నిటారుగా వస్తుంది. మంచం దగ్గర నిలబడి తల్లికి ‘ఇది మందు వల్ల వచ్చింది, తగ్గిపోతుంది, మీ వాడికి మీ మాట వినిపిస్తోంది’ అని చెప్పడం చికిత్సలో భాగం. ఇక్కడి సిస్టర్లు కొత్త డాక్టర్లకంటే ముందే గుర్తుపడతారు, వాళ్ళ మాట వినండి.

బిగుసుకుపోయి, పలకకుండా, అన్నం నోట్లో పెట్టుకుని మింగకుండా ఉన్న పిల్లకు హాలోపెరిడాల్ వైపు చేయి చాచకూడదు. అది కాటటోనియా అయితే మందు దాన్ని ప్రాణాపాయంలోకి నెడుతుంది. బుష్-ఫ్రాన్సిస్ స్కేలులోని 14 అంశాలతో స్క్రీనింగ్ చేసి, లోరాజెపామ్ ఇచ్చి మళ్ళీ చూడాలి. కౌమారులకు 1 నుంచి 2 మిల్లీగ్రాములు, చిన్నపిల్లలకు బరువును బట్టి తక్కువ. నరానికి ఇస్తే 5 నిమిషాలకు, కండరానికి ఇస్తే 15 నిమిషాలకు, నోటి ద్వారా ఇస్తే 30 నిమిషాలకు మళ్ళీ స్కోరు వేయాలి. మందిచ్చి టీకి వెళ్ళిపోయి గంట తర్వాత ‘మార్పు లేదు’ అని రాసే అలవాటును ఇక్కడి ప్రొఫెసర్లు అస్సలు సహించరు. సరైన పట్టుదల.

ఇక రెచ్చిపోయిన పిల్లను శాంతపరచడం. క్లాసులో బాగానే చెబుతారు: మాట్లాడేది ఒక్కరే ఉండాలి, ఎదురుగా కాకుండా పక్కగా, చేతికందని దూరంలో నిలబడాలి, తలుపు పిల్లకీ మనకీ ఇద్దరికీ తెరిచి ఉండాలి, రెండే దారులు చూపించి వేచి ఉండాలి. ఒంటరి గదిలో బంధించడం చట్టం పూర్తిగా నిషేధించింది. కట్టేయడం తక్షణ ప్రమాదాన్ని ఆపడానికి వేరే దారే లేనప్పుడు, సైకియాట్రిస్టు అనుమతితో, అవసరమైనంతసేపే. శిక్షగా కూడదు, మనుషులు చాలలేదని అసలే కూడదు. ప్రతినిధికి 24 గంటల్లో చెప్పాలి, నెలనెలా బోర్డుకు పంపే నివేదికలో ప్రతి సంఘటనా ఉండాలి.

క్లాసులో విన్నది వార్డులో చేయడానికి పక్కన ఒక అనుభవజ్ఞుడు నిలబడాలి. కొరత అక్కడే. పగలు పదింటికి రౌండ్స్ వచ్చే సీనియర్లు మధ్యాహ్నానికి ఓపీకి వెళ్ళిపోతారు. గొడవలు మాత్రం ఎక్కువగా సాయంత్రం ఆరు తర్వాతే: పలకరించడానికి వచ్చిన తండ్రి వెళ్ళిపోతాడు, టీవీ రిమోటు దగ్గర తగువు వస్తుంది, కరెంటు పోతుంది. అప్పుడు వార్డులో ఉండేది శిక్షణలో ఉన్న డాక్టరు, ఒక సిస్టరు, ఒక అటెండరు. సీనియరు ఫోన్లో ఉంటారు. ఫోన్లో చెప్పగలిగింది ఇంజెక్షన్ పేరే, కాబట్టి ఇంజెక్షనే జరుగుతుంది. ఆరు వారాల్లో డాక్టరు చేతికి అదే అలవాటవుతుంది.

ఈ అలవాటును విరిచేది ముందు-ప్రవర్తన-తర్వాత పట్టిక. ఉదాహరణకి మాటలు రాని తొమ్మిదేళ్ళ పిల్లాడు రోజూ సాయంత్రం తల గోడకు కొట్టుకుంటున్నాడనుకోండి. నాలుగు రోజులు సమయం, ముందు ఏం జరిగింది, ఎంతసేపు, తర్వాత ఎవరేం చేశారు అని రాస్తే, కరెంటు పోయి జనరేటరు మోగిన నిమిషంలోనే మొదలవుతోందని బయటపడుతుంది. అప్పుడు మంచం జనరేటరు వైపు గోడ నుంచి లోపలి వరుసకు మార్చి, దీపాలు పోగానే తల్లి పిల్లాడి చెవులకు మఫ్లరు కట్టేలా నేర్పితే మందు పెంచే పని ఉండదు. పట్టిక నింపే పద్ధతి ఈ వార్డులో ఉంది. నింపినదాన్ని మర్నాడు చదివి చర్చించే పద్ధతి లేదు. రౌండ్స్‌లో పావుగంట దానికి కేటాయిస్తే సాయంత్రాలు మారిపోతాయి.

భాష దగ్గరికి వద్దాం. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు గంజాం, కోరాపుట్ ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి అటు వెళ్ళాయి, తెలుగు కుటుంబాలు అక్కడే ఉండిపోయాయి. ఈ పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియా చదువుతారు. ఆంధ్ర నుంచి వచ్చిన డాక్టరు తెలుగు ప్రశ్నావళి చేతిలో పెట్టి నింపమంటే పిల్ల సిగ్గుపడి తోచిన చోట టిక్కులు పెట్టేస్తుంది. ఆ టిక్కులకు స్కోరు వేసి డిప్రెషన్ లేదని రాసిన కేస్ షీట్లు ఉంటాయి. ప్రశ్నలు చదివి వినిపించి, నోటిమాటగానే జవాబు తీసుకోవాలి. సవర, కువి, కోయ మాట్లాడే పిల్లలకు వార్డు సహాయకుల్లో ఆ భాష వచ్చినవాళ్ళ జాబితా నర్సింగ్ స్టేషన్లో అంటించి ఉంది, భలే పనికొచ్చే ఏర్పాటు. అయితే చనిపోవాలనిపిస్తోందా అన్న ప్రశ్నకూ, ఎవరైనా చెడుగా తాకారా అన్న ప్రశ్నకూ తల్లినో అక్కనో దుబాసీగా పెట్టుకోకూడదు. ఈ నియమం ఇక్కడ రాసి ఉంది, రాత్రిపూట పాటించడం లేదు. ఆ ప్రశ్నలు సూటిగా, ఇంటి మాటల్లో అడగండి. అడిగినందువల్ల కొత్తగా ఆ ఆలోచన పుట్టదు. మనసులో పెట్టుకున్న పిల్లకు చెప్పుకునే దారి దొరుకుతుంది.

పిల్ల నోరు విప్పి లైంగిక హింస గురించి చెబితే, ‘ఎవరికీ చెప్పను’ అని మాటివ్వకూడదు. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం ప్రత్యేక జువెనైల్ పోలీసు విభాగానికో స్థానిక పోలీసులకో తెలియజేయడం తప్పనిసరి, చెప్పకపోతే 21వ సెక్షన్ కింద నేరం. పిల్ల అన్న మాటలు అన్నట్టుగానే, ఏ భాషలో అంటే ఆ భాషలో రాసుకోవాలి. వివరాలు గుచ్చి గుచ్చి అడగకూడదు, అది పోలీసుల, మేజిస్ట్రేటు పని. ఆడపిల్లకు వైద్య పరీక్ష మహిళా డాక్టరే చేయాలి. ఈ పాఠం ఇక్కడ బాగా చెబుతారు. విన్న డాక్టరు ఆ రాత్రి నిద్ర ఎలా పోవాలన్నది మాత్రం ఎవరూ పట్టించుకోరు. ఇరవై ఏడేళ్ళ పీజీ పదకొండేళ్ళ పిల్ల నోట అలాంటిది విని, వెంటనే తర్వాతి అడ్మిషన్ రాయడానికి కూర్చోవాల్సి వస్తోంది. మర్నాడు ఒక సీనియరు తలుపు వేసి అరగంట కూర్చుని, ఏం జరిగింది, నీకెలా ఉంది అని అడగడం ఖర్చులేని పని. అది శిక్షణలో రాసి ఉండాలి.

కుటుంబ సమావేశాల సంగతి క్లుప్తంగా: మొదటి వారమే ఒంటరిగా నడిపిస్తారు, తొందరపాటు. సమావేశాన్ని బయటి నుంచి చూసే అద్దం గది ఉంది, పాత ఫైళ్ళతో నిండి ఉంది. ఖాళీ చేయించి రెండు సమావేశాలు చూసిన తర్వాతే మూడోది చేతికివ్వాలి. వార్డు బడి, ఆటల టీచరు బాగున్నారు. రోజూ గంటసేపు అక్కడ కూర్చోండి, పిల్ల ఎంతసేపు ధ్యాస నిలుపుతుందో గదిలో పరీక్ష చేసినదానికంటే అక్కడ బాగా తెలుస్తుంది.

డిశ్చార్జి కాగితం ఇంగ్లీషులో ఒకటి, ఒడియాలో ఒకటి ఇస్తారు. ఇంటిదగ్గరి ఆసుపత్రిలో ఆ మందు దొరుకుతుందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోమంటారు. రిస్పెరిడోన్ దొరికినా సిరప్ దొరకకపోవచ్చు, అప్పుడు మాత్ర ఎలా విరవాలో వార్డులోనే నేర్పి పంపాలి. ప్రాణం తీసుకోబోయి బతికిన పిల్ల ఇంట్లో మందులు, పురుగుమందులు తాళం పెట్టెలో ఉండాలని, తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుందో పేరుతో సహా రాయాలి. మానసిక సహాయ లైన్ టెలి-మానస్ 14416, పిల్లల సహాయ లైన్ చైల్డ్‌లైన్ 1098 నంబర్లు కాగితం మీదే కాకుండా తల్లి ఫోనులో సేవ్ చేయించాలి. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబమైతే వాళ్ళ ఆరోగ్య కార్డు ఇక్కడ చెల్లుతుందా అన్నది డిశ్చార్జి రోజు కాకుండా చేరిన రోజే కనుక్కోండి. బిల్లు చూసి మధ్యలో తీసుకుపోయిన పిల్లలు తర్వాత మళ్ళీ వచ్చేసరికి ఇంకా ముదిరిపోయి వస్తారు.

పిల్లల వైద్యంలో పీజీలకూ, సైకియాట్రీలో రెండో ఏడాది దాటినవాళ్ళకూ ఈ శిక్షణను సిఫార్సు చేస్తాం. పెద్దల వార్డులో ఇంకా రాత్రి డ్యూటీలు చేయని మొదటి ఏడాది పీజీలు ఆగడం మంచిది. చేరేముందు విభాగానికి ఫోన్ చేసి మూడు సంగతులు అడిగి, రాతపూర్వకంగా తెప్పించుకోండి: రాత్రి పిలిస్తే సీనియరు ఎన్ని నిమిషాల్లో వార్డుకు వస్తారు, ఒకరికి ఒకేసారి ఎంతమంది పిల్లల్ని ఇస్తారు, వారానికి ఎన్ని గంటలు సూపర్‌విజన్. పిల్లలు నలుగురికి మించినా, సూపర్‌విజన్ గంట కంటే తగ్గినా చేరే నెల మార్చుకోండి. ఒడియా రానివాళ్ళు హాస్టల్ గది కోసం ముందే రాయాలి, పది రోజులు ముందొచ్చి బడి టీచరు దగ్గర కూర్చుంటే వార్డుకు సరిపడా మాటలు వస్తాయి.